తెల్ల చారకు పైన

ఇన్నేండ్లలో నన్ను ఒక్కరూ అడగలేదు. ఆ రోజు గుట్ట మీద ఏం జరిగిందో ఊళ్లో ప్రతివాడూ చెబుతాడు. అప్పటికి పుట్టనివాళ్లు మరీ బాగా చెబుతారు. అమ్మవారు మా నాయన కాళ్లు పట్టుకొని ఆపిందంటారు. ఆ తర్వాత, వచ్చిన వాన ఎందుకు వెనక్కిపోయిందో చెప్పాల్సి వచ్చినప్పుడు నా వైపు చూస్తారు. అక్కడ ఉన్నవాణ్ని నేను. ముందే చెప్పినవాణ్ని నేను. అయినా, అసలు ఏమైందని నన్ను అడిగిన మనిషి లేడు. పెళ్లిళ్లలో, చావుల్లో, బస్సు కోసం నిలబడ్డచోట ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. ఇక చూడను. అడగకపోయినా చెబుతాను.

నిన్న ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. మా ఊరి గుట్ట మీది పాశం బండ. దానికి నూనె రంగు పూశారు. నీలం. ఎండకు చెరువు నీళ్లలా తళతళలాడుతోంది. ఇంట్లోవాళ్లు చూసి ఎంత బాగుందో అన్నారు. నాకు మాత్రం అరికాళ్లు చల్లబడ్డాయి.

మాది పాన్‌గల్ వైపు మెట్ట పల్లె. వాన పడితే జొన్న, పల్లి, ఆముదం. పడకపోతే ఏమీ లేదు. చిన్నప్పుడు మా పెద్దల మాటలన్నీ ఆకాశం గురించే. సాయంత్రం అరుగు మీద కూర్చొని జొన్నరొట్టె పుంటికూరలో అద్దుకుంటూ, మబ్బులన్నీ కృష్ణకు అవతలే దిగబడుతున్నాయని, నది దాటడానికి వాటికి పడవ దొరకట్లేదని అనుకునేవారు. నవ్వేవారు కూడా. కానీ ఆ నవ్వు వెనకాల ఏముందో పిల్లలమైనా మాకు తెలుసు. వాన రాకపోతే కూలీలను తీసుకుపోయే మేస్త్రీ లారీ తెస్తాడు. సగం ఊరు మూటలు కట్టుకొని బొంబాయి పనులకు పోతుంది. ఇళ్లకు తాళాలు పడతాయి. కొందరు తిరిగి వస్తారు.

అందుకే వాన కోసం చేయాల్సినవన్నీ చేసేవాళ్లు. ముందు కప్పతల్లి ఆట. రోకలికి కప్పను కట్టి, వేపాకులు చుట్టి ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పోయించుకోవడం. దానికీ దిగకపోతే చివరిది వరదపాశం. కొర్రబియ్యం, బెల్లం, శొంఠి, నెయ్యి వేసి గుట్ట మీదనే పెద్ద గంగాళంలో వండుతారు. ఆ పాశాన్ని వట్టి బండ మీద పోస్తారు. ఇంటికొక మగవాడు మోకాళ్ల మీద వంగి, చేయి తగలకుండా నాలుకతో నాకాలి. మనిషి పశువులా వంగి నాకుతుంటే పైవాడికి జాలి కలుగుతుందని నమ్మకం. మా ఊళ్లో ఇంకో కట్టడి ఉండేది. ఎవరైనా మరిచిపోయి చేయి ఆనిస్తారని, చేతులు వెనక్కి మడిచి కొత్త తువాలుతో కట్టేవారు. పాశం అయిపోయేదాకా ఎవరూ లేవకూడదు.

బండ గురించి చెప్పాలి. మెల్లగా, వెడల్పుగా దిగే వాలు. ఎంత మెల్లగా అంటే, దాని మీద ముసలివాళ్లు కూర్చొని చుట్ట తాగేవారు. దిగి దిగి నడుమ దోసిలిలా లోతవుతుంది. అవతల పక్క కొంచెం నిటారుగా లేచి ఒక అంచు దగ్గర ఆగిపోతుంది. అంచుకు అవతల గుంత. ఎప్పుడో ఎవరో రాళ్లు కొట్టుకుపోయిన గుంత. అందులోకి తొంగి చూడొద్దని ప్రతి తల్లీ ప్రతి పిల్లవాడికీ చెప్పేది. ప్రతి పిల్లవాడూ పొట్ట మీద పడుకొని తొంగి చూసేవాడు. అడుగున పగిలిన రాళ్లు కత్తుల్లా నిలబడి ఉండేవి. కింది నుంచి చల్లటి గాలి, చచ్చిన పిట్టల వాసన ముఖానికి కొట్టేది.

బండ మీద అడ్డంగా ఒక తెల్ల చార ఉండేది. వాలు సగం ఎక్కాక, బెత్తెడు వెడల్పున, ఈ కొస నుంచి ఆ కొసకు పోయే తెల్లరాయి. మేము దాన్ని హద్దుగా పెట్టుకొని ఆడేవాళ్లం.

ఆ యేడు మాకు వనపర్తి నుంచి సైన్సు సారు బస్సులో వచ్చేవాడు. ఒకనాడు నల్లబల్ల మీద ఒక వాలు గీశాడు, దాని కింద పళ్లెంలాంటి లోతు, మళ్లీ ఒక ఎగుడు. నున్నటి వాలు, ఘర్షణ లేదనుకోండి అన్నాడు. పైనున్న ఎత్తు కిందికి వచ్చేసరికి వేగమవుతుంది, ఆ వేగం అవతలి పక్క మళ్లీ ఎత్తవుతుంది, మొత్తం ఎక్కడికీ పోదు. వస్తువు ఏ ఎత్తులో బయలుదేరిందో అవతల అదే ఎత్తు దాకా పోతుంది. వాలు మెల్లగా ఉన్నా, నిటారుగా ఉన్నా ఒకటే. బరువు ఎక్కువైనా, తక్కువైనా ఒకటే. లెక్కకు కావాల్సింది ఎత్తొక్కటే. మధ్యలో ఘర్షణ అనే దొంగ దూరితే మాత్రం కొంత ఎత్తుకుపోతాడు.

ఆయన గీసింది మా బండ.

లేచి నిలబడి, అట్లాంటి జాగ మా ఊళ్లో ఉందని చెప్పాను. పాచి తడిసినప్పుడు దాని మీద బల్లి కూడా నిలవదని చెప్పాను.

"ఘర్షణ లేని జాగ పుస్తకంలనే ఉంటదిరా. దాన్ని తెచ్చి మీ ఊర్ల పెట్టిన్రా?" అన్నాడు సారు.

తరగతంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. తర్వాత పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. ఘర్షణ లేని వాలుకు ఉదాహరణ లేదని రాయాలట. నేను మా బండ అని రాశాను. సున్నా పెట్టాడు.

ఆ ఆదివారం నా గోలీలన్నీ జేబులో పోసుకొని గుట్ట ఎక్కాను. నా తోటి పిల్లలు తాటిమట్టల మీద జారి లాగుల వెనక చిల్లులు పెట్టుకుంటుంటే నేను గోలీలు వదిలాను. చారకు కింది నుంచి వదిలితే గోలీ లోతులోకి దిగి, అవతలి వాలు ఎక్కి, అలసిపోయినట్టు ఆగి, వెనక్కి వచ్చేది. చార దగ్గర వదిలితే అంచు దాకా పోయి, ఒక్క క్షణం ఆలోచించి, తిరిగి వచ్చేది. చారకు పైన వదిలిన గోలీ మాత్రం ఆలోచించలేదు. అంచు దాటి గాలిలోకి పోయింది. చప్పుడు కోసం చెవి పెట్టాను. ఎంతసేపటికీ రాలేదు. ఇక రాదనుకున్నాక టక్కుమంది.

నమ్మకం కుదరక మళ్లీ వదిలాను. మళ్లీ పోయింది. నా దగ్గరున్న గోలీలన్నీ అట్లా ఆ గుంతకు ఇచ్చేశాను. నీళ్లబుడగలాంటి పచ్చ గోలీ కూడా.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద ఊరిపెద్ద, మా చిన్నాయన, మా నాయన కూర్చొని ఉన్నారు. వరదపాశం ఖాయమైంది. బెల్లం ఎవరు ఇస్తే వాళ్లకు బండ పైకొసన చోటు. తరతరాలుగా అది పెద్ద ఇండ్లవాళ్లదే. మా ఇంటివాళ్లు ఎప్పుడూ లోతు దగ్గరే వంగేవారు. ఆ యేడు పెద్ద ఇండ్లలో కూడా గాదెలు ఖాళీ. మా నాయన ఇస్తానన్నాడు. ఊరిపెద్ద ఒప్పుకున్నాడు. మా నాయన ముఖం అట్లా వెలగడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

పైకొస అంటే చారకు చాలా పైన.

నేను చెప్పాను. గోలీల సంగతి, అంచు సంగతి, పాచి సంగతి, అన్నీ. ఆ బండ మీది నల్లపొర ఎండిన పాచి. ఎండలో ఇసుక కాగితంలా పట్టుకుంటుంది. మొదటి చినుకుకు బతికి జిగురవుతుంది. వానలేక అది తడిసి చాలా కాలమైంది కనుక పెద్దవాళ్లు ఆ సంగతి మరిచిపోయారు. మీరు పిలిచే వాన మీరు వంగి ఉండగానే వస్తే ఎట్లా అని అడిగాను.

చిన్నాయన పల్లికాయ ఒలుచుకుంటూ విన్నాడు.

"గోలీలు పోగొట్టుకొని కథలు చెప్తున్నవా? గా బండ మీద ఎద్దును పండబెట్టినా జారదు. మీ నాయన జారుతడా?"

"బరువుతోని పనిలేదు చిన్నాయనా. ఎత్తుతోనే."

"ఎవరు చెప్పిన్రు?"

"సారు."

"ఏ ఊరోడు?"

"వనపర్తి."

"వనపర్తోనికి మన బండ సంగతి ఏం తెల్సు? ఆయన జారిండా దాని మీద?"

అందరూ నవ్వారు. మా అవ్వ, అంటే నాయనమ్మ, గుమ్మంలో కూర్చొని ఆముదం గింజలు ఏరుతోంది. ఆమె ఒక్కతే, పిలగాడు పరేషాన్ అవుతున్నాడు, జర వాని మాట వినండి అంది. ఎవరూ వినలేదు. మా నాయన నన్ను పక్కకు పిలిచాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"మన ఇంటికి పైజాగ ఎన్నడు రాలే, బిడ్డా. గిప్పుడొచ్చింది. కిందికి దిగుమంటవా?" అన్నాడు.

అవునన్నాను. ఆయన నా తల మీద చేయి పెట్టి, తీసి, వెళ్లిపోయాడు. అంతే జవాబు.

ఆ తర్వాత రోజులు నాకు జ్వరంలా గడిచాయి. అన్నం ముందు కూర్చుంటే గోలీ చప్పుడు వినబడేది. నాయన భుజం మీద నాగలి వేసుకొని పోతుంటే ఆయన వీపు వైపు చూసేవాణ్ని. పడమట మబ్బు తునక కనబడితే ఊరంతా సంబరంగా తలెత్తేది. నేను మాత్రం తల దించుకొని ఇంట్లోకి పోయేవాణ్ని. వాన కావాలని నాకూ ఉంది. లారీ రావడం నాకూ ఇష్టం లేదు. కానీ ఆ ఒక్క పూట మాత్రం రావొద్దని, ఎవరికి మొక్కాలో తెలియక ప్రతి దానికీ మొక్కాను. దూలానికి మొక్కాను. పొయ్యికి మొక్కాను.

ఆ రోజు వచ్చింది. గాలి లేదు. గుట్ట మీద కట్టెల పొగ నిట్టనిలువుగా లేస్తోంది. పాశం ఉడుకుతుంటే శొంఠి, నెయ్యి వాసన. నోరు ఊరాల్సింది, నాకు ఎండిపోయింది. డప్పు కొడుతున్నారు. ఆడవాళ్లు వానపాటలు పాడుతున్నారు. మా అవ్వ అవతలి వాలు పక్కన, నీడపట్టున, తన నల్ల గొంగడి పరుచుకొని కూర్చుంది. మగవాళ్ల చేతులు కట్టారు. మా నాయన చేతులు కట్టింది మా చిన్నాయన. గట్టిగానే కట్టాడు. నాయన పైకొసన, తల పైకి, కాళ్లు కిందికి పెట్టి, మోకాళ్ల మీద వంగాడు. ఆయన వెనకాల ఏముందో ఆయనకు కనబడదు.

పాశం పోశారు. బెల్లం నీళ్లు సన్నటి ధారలుగా వాలు వెంట దిగి, చార దాటి, లోతులో చేరాయి.

అప్పుడు వెలుతురు తగ్గింది. తలెత్తి చూస్తే గుట్ట వెనక నుంచి మబ్బు లేచి వస్తోంది. ఎప్పుడు పుట్టిందో తెలియదు. తడి మట్టి వాసన ముందు వచ్చింది. ఆడవాళ్లు పాట ఆపి చేతులు జోడించారు. కొందరు ఏడుస్తున్నారు. నాకు తెలియకుండానే నా నోటి నుంచి వచ్చింది.

"వాన రావొద్దు. నాయన లేసేదాకా రావొద్దు."

చిన్నాయన పక్కనే ఉన్నాడు. తిరిగి చూశాడు.

మొదటి చినుకులు రూపాయి బిళ్లంత పడ్డాయి. బండ నల్లబడింది. వంగినవాళ్లు లేవలేదు. లేవకూడదు కదా. ఇంకా వేగంగా నాకసాగారు. ముందు లోతు దగ్గరున్న ఇద్దరు జారారు. దిగి, అవతల కొంచెం ఎక్కి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయారు. ఉయ్యాలలో పిల్లల్లా. జనం నవ్వారు. వాళ్లూ నవ్వారు. చార దగ్గరున్న ఇంకొకతను జారి అంచుకు రెండు బారల దూరం దాకా పోయి వెనక్కి వచ్చాడు. అప్పుడూ నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

నేను అవ్వ దగ్గరికి పరుగెత్తాను. ఆమెను లేవమనలేదు. ఆమె కింద నుంచి గొంగడి లాగేశాను. ముసలిది పక్కకు ఒరిగిపోయి తిట్టింది. గొంగడిని అవతలి వాలు మీద, అంచుకు ఇవతల, పొడుగ్గా పరిచి, నాలుగు పక్కలా పట్టుకోలేక ఒక కొస మీద నేను పడుకున్నాను. ఘర్షణ అనే దొంగ గురించి సారు చెప్పింది ఒక్కటే తలలో ఉంది. ఆ దొంగ రావాలి. గొంగడి వెంట్రుకల్లో ఉన్నాడో లేడో తెలియదు. ముఖం కింద గొర్రె వాసన, తడి బండ వాసన.

తలెత్తి చూశాను. నాయన కదిలాడు.

మొదట చాలా మెల్లగా. ఎవరో వెనక నుంచి పిలిస్తే వస్తున్నట్టు. పొట్ట మీద, కాళ్లు ముందుగా, చేతులు వెనక కట్టి. చార దాటేసరికి డప్పు ఆగింది. నవ్వు ఆగింది. లోతులోకి వచ్చేసరికి ఆయన మనిషిలా లేడు, వదిలిన వస్తువులా ఉన్నాడు. చప్పుడు లేదు. ఆయన కూడా అరవలేదు. అవతలి వాలు ఎక్కుతూ గొంగడి మీదికి వచ్చాడు. గొంగడి ముడతలు పడింది, నన్నూ ఈడ్చుకొని పోయింది. ఆగింది.

కళ్లు తెరిచేసరికి నా ముక్కు పక్కన నాయన మోకాలు ఉంది. ఆయన పాదాలు అంచు దాటి గాలిలో ఉన్నాయి. వాటి మీంచి వాన నీళ్లు కారి గుంతలోకి పోతున్నాయి.

మగవాళ్లు తాళ్లు వేసి లాగారు. నాయన గడ్డం చీలింది, ముందు పళ్లు పోయాయి. బతికాడు. అమ్మవారు పట్టుకుందని ఊరిపెద్ద అక్కడికక్కడే అన్నాడు. అందరూ అవునన్నారు. గొంగడి ఎవరూ చూడలేదు. చూసినా, తడిసిన ముసలమ్మ గొంగడి అక్కడెందుకుందని అడగలేదు. మా అవ్వ మాత్రం అది చిరిగిందని నెల రోజులు నన్ను సాధించింది.

గుట్ట దిగేలోగా వాన ఆగిపోయింది. మళ్లీ రాలేదు. ఆ యేడంతా రాలేదు. అప్పుడు చిన్నాయన చెప్పాడు, పిలగాడు వాన రావొద్దన్నాడని. నాయన లేసేదాకా అన్న రెండో ముక్క చెప్పలేదు. అది విన్నది ఆయనొక్కడే. మేస్త్రీ లారీ వచ్చినప్పుడు ఎక్కుతున్న ఆడవాళ్లు నా వైపు చూసిన చూపు చెప్పలేను. ఒకామె, నాకు పాలిచ్చి సాకిన మనిషే, కొంగు అడ్డం పెట్టుకొని ముఖం తిప్పుకుంది. నాకు పెట్టిన పేరు పోయింది. వాన వద్దన్నోడు అయ్యాను. పెండ్లిచూపుల్లో కూడా అదే చెప్పారు.

ఊరిని నేను తప్పు పట్టగలను. సారును, చిన్నాయనను తప్పు పట్టాను, పడుతూనే ఉంటాను. కానీ నా నాయన నన్ను అడగలేదు. ఆ తర్వాత చాలా యేండ్లు బతికాడు. పళ్లు లేని నోటితో రొట్టె నానబెట్టుకొని తినేవాడు. నేను ఎదురుగా కూర్చునేవాణ్ని. గొంగడి అక్కడికి ఎట్లా వచ్చిందిరా అని ఒక్కమాట అడిగితే చాలు. అడగకుండానే పోయాడు. పైజాగ నుంచి పడ్డవాడిగా కాక, అమ్మవారు తాకినవాడిగా పోయాడు. అది ఆయనకు కావాల్సి ఉండొచ్చు. నాకు కావాల్సింది నాకు దొరకలేదు.

తర్వాత వరదపాశం ఆగిపోయింది. కాలువ నీళ్లు వచ్చాయి, బోర్లు వచ్చాయి. ఈ యేడు రెండూ ఎండాయి. రేపో ఎల్లుండో మళ్లీ చేస్తామంటున్నారు. చిన్నాయన కొడుకే ఇప్పుడు ముందుండి నడిపిస్తున్నాడు. వీడియోలో బాగా కనబడాలని రంగు పూయించింది వాడే. చేతులు కట్టే కట్టడి కూడా మళ్లీ పెట్టాడు. రాయి తవ్వకాలతో ఆ గుంత ఇప్పుడు ఇంకా లోతైంది.

పైకొస చోటు నా కొడుక్కు ఇచ్చారు. కల్వకుర్తిలో దుకాణం పెట్టుకున్నాడు, నాలుగు డబ్బులు చూశాడు, బెల్లం, నెయ్యి తనే ఇస్తానన్నాడు. నాకు నిన్న ఫొటోతో పాటు తెలిసింది. ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఓపికగా విన్నాడు.

"నాయనా, మళ్ల గదే మాట అంటే అందరు నవ్వుతరు. నేను చూసుకుంట తియ్యి," అన్నాడు.

ఏం చూసుకుంటాడు, చేతులు వెనక ఉంటే.

ఊరి గ్రూపులో కూడా రాశాను. పొద్దున్నుంచి అందరూ చదివినట్టు చూపిస్తోంది. ఒకడు దండం బొమ్మ పెట్టాడు. చిన్నాయన కొడుకు నవ్వే ముఖాలు పెట్టి, అన్న మళ్ల వాన వద్దంటుండు అని రాశాడు. దాని కింద ఇంకా చాలా ముఖాలు నవ్వాయి.

ఫొటోను పెద్దది చేసి చూశాను. ఈ కొస నుంచి ఆ కొసకు వెతికాను. రంగు కింద చార కనబడటం లేదు. ఎండిన పాచి పట్టు కూడా ఇప్పుడు లేదు. వట్టి నూనె రంగు. పడమట మబ్బు పడుతోందని ఊళ్లో సంబరపడుతున్నారట.

ఆ చార ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో కళ్లు మూసుకొని గీసి చూపించగలను. ఇంకెవరికీ గుర్తు లేదు. అందుకని పేరు పెట్టి అడుగుతున్నాను అనుకోండి, తిట్టి అడుగుతున్నాను అనుకోండి, కాళ్లు పట్టుకొని అడుగుతున్నాను అనుకోండి. ఊరివాళ్లారా, బొమ్మలు వద్దు. ఎవరైనా ఒకరు, మనిషి నోటితో, ఈ పూటే చెప్పండి. నా కొడుకును చారకు పైన వంచుతారా, కింద వంచుతారా?